బడిలో పెట్టే మనిషి గురించి వాకబు ఏదీ?

పిల్లనివ్వాలంటే అబ్బాయి ఊరు వెళ్ళి, చెరువుగట్టు మీద ఒకరిని, టీకొట్టు దగ్గర ఒకరిని విచారించి గాని తాంబూలాలు పుచ్చుకోం. పాలేరును కుదుర్చుకోవాలన్నా నిరుడు ఎవరి దగ్గర చేశాడు, ఎందుకు మానేశాడు అని కనుక్కుంటాం. సంతలో ఎద్దును కొనేటప్పుడు సరేసరి. పళ్ళు పట్టి చూసి, సుడులు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి గాని బయానా ఇవ్వం. ఇంత జాగ్రత్త గల మనం, రెండు మూడు వందల మంది పిల్లలు చదివే సర్కారు బడికి కాపలాకో, ఊడ్చేందుకో, వంటకో మనిషిని పెట్టే సమయంలో మాత్రం “ఫలానా వారి మనిషి” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

బడి సిబ్బంది పూర్వాపరాలు విచారించే పని ప్రభుత్వానిదేనని, అది ఎక్కడో ఆఫీసులో జరిగిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. కొందరి విషయంలో అది నిజమే. అందరి విషయంలో కాదు.

ముందుగా ఉపాధ్యాయుల సంగతి చూద్దాం. డి.ఎస్.సి. పరీక్ష రాసి ఉద్యోగానికి వచ్చే వారికి విచారణ ఉన్నది. తెలంగాణలో 2024 డి.ఎస్.సి. 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డి.ఎస్.సి. 16,347 పోస్టులకు జరిగాయి. ఎంపికైన అభ్యర్థి అసలు సర్టిఫికెట్లు చూపించడమే గాక, అటెస్టేషన్ ఫారం అనే పత్రం కూడా నింపి ఇవ్వాలి. ఎక్కడెక్కడ కాపురం ఉన్నారు, ఎక్కడ చదువుకున్నారు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టులో కేసు నడుస్తున్నదా, శిక్ష ఏమైనా పడిందా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. ఆ పత్రం పోలీసు శాఖకు వెళుతుంది. పోలీసులు ఊరికి వచ్చి, మనిషి ఎటువంటివాడో ఇరుగుపొరుగును అడిగి పోవడం పల్లెల్లో చూస్తూనే ఉంటాం. ఉద్యోగంలో చేరే వ్యక్తి నడవడి, పూర్వచరిత్ర ఆ కొలువుకు తగినవిగా ఉండాలని 1996 నాటి రాష్ట్ర సర్వీసు నిబంధనలే చెబుతున్నాయి.

ఇందులో ఒక మెలిక ఉన్నది. పల్లెటూళ్ళలో కేసు లేని కుటుంబం అరుదు. పంచాయతీ ఎన్నికల నాడు తోపులాట, గట్టు తగాదా, బైండోవరు, ధర్నాలో అరెస్టు, ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. అటువంటి కేసు ఉంటే ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో కుర్రవాళ్ళు ఫారంలో “లేదు” అని రాసేస్తున్నారు. అదే అసలు ముప్పు. 2016 జూలైలో అవతార్ సింగ్ అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. అభ్యర్థి ఇచ్చే వివరం నిజమై ఉండాలి, దాచిపెడితే నియామకం రద్దు చేయవచ్చు. అయితే చిన్న వయసులో నినాదాలు చేసినటువంటి అల్ప విషయాలను అధికారులు పట్టించుకోకుండా వదలవచ్చు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు. గట్టు తగాదాలో పడిన కేసూ, పిల్లల జోలికి వెళ్ళి పడిన కేసూ ఒకటి కావు. విచారణ చేసేవారు కూడా ఈ తేడా గుర్తు పెట్టుకోవలసి ఉన్నది.

గంట కొట్టకముందు, కొట్టిన తరవాత

పంతులుగారు ఉదయం వచ్చి సాయంత్రం వెళతారు. ఆయన పాఠం చెప్పేది నలభై మంది ఎదుట. కాని గంట కొట్టకముందు గది తాళం తీసేది ఎవరు? మరుగుదొడ్డి దగ్గర ఉండేది ఎవరు? సెలవు రోజున ఆటకు వచ్చిన పిల్లలు ఎవరి కళ్ళ ముందు ఆడుకుంటున్నారు? కాపలాదారు, ఆయా, వంటవాళ్ళు, గౌరవ వేతనం మీద చదువు చెప్పే వాలంటీరు, పిల్లల్ని తెచ్చే ఆటో డ్రైవరు. వీరిలో ఎవరూ డి.ఎస్.సి. ద్వారా వచ్చినవారు కాదు. ఎవరూ అటెస్టేషన్ ఫారం నింపలేదు. ఏ పోలీసూ వచ్చి వీరి గురించి ఊరిలో అడిగిన దాఖలా సాధారణంగా కనిపించదు.

వీరిలో నూటికి తొంభై తొమ్మిది మంది మంచివారే. నెలకు నాలుగు రాళ్ళకు ఎండనక వాననక పనిచేస్తున్న ఆయాలను, వంటమనుషులను శంకించమని ఈ విలేకరి చెప్పడం లేదు. అడగవలసిన ప్రశ్న అడగకపోవడం గురించే ఇక్కడి మాట.

చట్టం మాత్రం ఈ విషయంలో మెతకగా లేదు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం అదే ఏడాది నవంబరు 14 నుంచి అమలులో ఉన్నది. దాని కింద 2020 మార్చి 9న కేంద్రం కొత్త నిబంధనలు ప్రకటించింది. బడి గాని, హాస్టలు గాని, ఆటల శిక్షణ కేంద్రం గాని, పిల్లలతో తరచు సంబంధం ఉండే ఏ సంస్థ అయినా తన సిబ్బంది అందరి గురించి పోలీసు విచారణ చేయించాలని వాటిలో ఉన్నది. బోధన చేసేవారైనా చేయనివారైనా, పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా మినహాయింపు లేదు. అదీ ఒకసారి చేయించి ఊరుకోవడం కాదు, నియమిత కాలాల్లో మళ్ళీ మళ్ళీ చేయించాలి. పిల్లల భద్రత గురించి సిబ్బందికి శిక్షణ కూడా ఇప్పించాలి.

ఆ నిబంధన వచ్చి సంవత్సరాలు గడిచినా, మన బడి ఆయా గురించి, వాచ్‌మన్ గురించి స్టేషనుకు ఒక దరఖాస్తు వెళ్ళిందా అని మీ హెడ్మాస్టరును అడిగి చూడండి. పనిలో పెట్టుకున్నది కమిటీ గదా అని హెడ్మాస్టర్లు అనవచ్చు. సంతకం హెడ్మాస్టరుది గదా అని కమిటీ వారు అనవచ్చు. ఇద్దరి వెనకా పెద్ద నాయకుడి సిఫారసు ఉంటుంది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ వంట ఏజెన్సీలు, ఆయాలు మారిపోవడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన భాగోతమే. ఏ పార్టీ మనిషి అని అడిగినంత గట్టిగా, ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు అని అడగడం లేదు. వంటమనిషి కులం ఏమిటని ఆరా తీసి, ఆమె వండితే మా పిల్లలు తినరని పేచీ పెట్టిన ఊళ్ళు ఉన్నాయి. ఆ ఊళ్ళలో వాచ్‌మన్ ఎక్కడి నుంచి వచ్చాడో అడిగిన పెద్దమనిషి ఎందరున్నారో వారే చెప్పాలి.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో జరిగిన ఘోరం పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళ పాపపై అఘాయిత్యానికి పాల్పడినవాడు ఉపాధ్యాయుడు కాదు, ప్రిన్సిపాలు కారు నడిపే డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 సంవత్సరాల శిక్ష విధించింది. ప్రిన్సిపాలుపై నేరం రుజువు కాలేదు. కారు నడిపేవాడికి పసిపిల్లలతో పనేమిటి? పని లేదు, అయినా వారి దగ్గరకు వెళ్ళగలిగాడు. కొలువు పేరు చూసి, వీడికి పిల్లలతో సంబంధం లేదులే అనుకోవడానికి వీల్లేదని ఆ కేసు చూపించింది.

పేరు మార్చుకున్న మనిషి

ఇటువంటి విచారణ అంటే ఏమిటో, అది ఎక్కడ తప్పిపోతుందో ప్రపంచానికి తెలియజెప్పిన ఉదంతం ఒకటి ఇంగ్లండులో జరిగింది. 2002 ఆగస్టులో సోహం అనే చిన్న ఊరిలో పదేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఆ ఊరి హైస్కూలు కాపలాదారు. అతడు అంతకుముందు వేరే జిల్లాలో ఉన్నప్పుడు ఆడపిల్లల విషయంలో ఒకటి కాదు, అనేక ఫిర్యాదులు పోలీసుల దాకా వెళ్ళాయి. ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు. ఈ బడిలో కొలువుకు దరఖాస్తు చేసినప్పుడు అతను వేరే ఇంటిపేరు వాడాడు. ఇక్కడి పోలీసులు ఆ ఒక్క పేరుతోనే వెతికారు. అక్కడి పోలీసుల దగ్గర పాత సమాచారం సరిగా నిలవలేదు. కాగితం శుభ్రంగా వచ్చింది. దానిపై వేసిన విచారణ సంఘం 2004లో నివేదిక ఇచ్చిన తరవాత, 2006లో ఆ దేశంలో ప్రత్యేక చట్టమే చేశారు.

పేరు మారింది, ఊరు మారింది, మనిషి మారలేదు. మన దగ్గరా పోలీసు విచారణ అంటే ఎక్కువగా ప్రస్తుతం ఉంటున్న స్టేషనులో కేసులు చూడడమే. లైంగిక నేరాలలో శిక్ష పడినవారి వివరాలతో 2018 సెప్టెంబరులో కేంద్రం ఒక జాతీయ జాబితా ప్రారంభించింది. అప్పటికే అందులో 4 లక్షలకు పైగా పేర్లు ఉన్నాయి. అయితే అది పోలీసు, దర్యాప్తు సంస్థలు చూసేందుకే. హెడ్మాస్టరు గాని, సర్పంచి గాని దాన్ని తెరిచి చూడలేరు. కనుక స్టేషనుకు ఇచ్చే దరఖాస్తులోనే, ఈ వ్యక్తి ఇంతకుముందు ఫలానా ఫలానా ఊళ్ళలో ఉన్నాడు, ఆ స్టేషన్లలోనూ విచారించండి, ఆ జాబితా కూడా చూడండి అని రాసి అడగవలసి ఉంటుంది. ఆధారు కార్డులోని పేరుతో పాటు, ఊళ్ళో పిలిచే పేరు కూడా రాయాలి. మన పల్లెల్లో రెండు పేర్లు లేనివాడు ఎవరు?

రాజీ చేసిన ఊరు

ఇంగ్లండులో కాగితం రాకపోవడానికి ఆఫీసుల లోపం కారణం. మన దగ్గర చాలాసార్లు కాగితమే పుట్టదు. దానికి కారణం మనమే.

చిన్నపిల్ల ఇంటికి వచ్చి ఏదో చెబుతుంది. తల్లి బెదిరిపోతుంది. తండ్రి కర్ర తీసుకుని బయలుదేరతాడు. నలుగురు పెద్దలు అడ్డం పడి రచ్చబండ దగ్గర కూర్చోబెడతారు. పోలీసుల దాకా పోతే పిల్ల పేరు పోతుంది, రేపు పెళ్ళి కావద్దా అంటారు. వాడి చేత కాళ్ళు పట్టిస్తారు, ఎంతో కొంత డబ్బు ముట్టజెబుతారు, ఊరు విడిచి పొమ్మంటారు. తప్పు చేసినవాడు ఉపాధ్యాయుడైతే మందలించి, మరో బడికి పంపించమని పైవారిని బతిమాలుకుంటారు. ఊరు చల్లబడుతుంది. వాడు మాత్రం ఇంకో ఊరు చేరతాడు. ఆ ఊరి కమిటీ వారు బుద్ధిమంతులై పోలీసు విచారణ చేయించారే అనుకోండి. స్టేషను నుంచి వచ్చే జవాబు “సదరు వ్యక్తిపై కేసులేమీ లేవు” అని. అది అబద్ధం కాదు. కేసు లేదు మరి. దాన్ని పెద్దమనుషులు మింగేశారు.

ఒక ఊరి పరువు కోసం చేసిన రాజీ మరో ఊరి పిల్లల మీద పడుతున్నది. పక్క ఊరివాళ్ళు మనకు అట్లా పంపిస్తే ఒప్పుకుంటామా?

ఈ నేరాలలో రాజీ చేసే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు. పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం ఇటువంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరుగుతుందేమోనని భయం కలిగినవారు ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయవలసిందే. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థకు పెద్దగా ఉన్న వ్యక్తి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. బడి సిబ్బందే బడి పిల్లల మీద నేరం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైనదిగా చూస్తుంది. వాటిలో ఘోరమైన నేరానికి 2019 సవరణ తరవాత కనీస శిక్షే 20 సంవత్సరాలు.

పిల్ల పేరు బయటపడుతుందన్న భయానికీ చట్టంలో జవాబు ఉన్నది. బిడ్డ పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఆనవాలు తెలిపే ఏ వివరమూ పత్రికల్లో రాయకూడదు. ఈ కట్టుబాటు మా విలేకరులకే. ఉల్లంఘిస్తే మాకూ జైలే. పిల్లను స్టేషనుకు తిప్పనక్కరలేదు. ఆమె ఇంటివద్దనో, ఆమెకు ఇష్టమైన చోటనో, సాధ్యమైనంత వరకు మహిళా ఎస్.ఐ. స్థాయి అధికారి మాట రాసుకోవాలి. అప్పుడు ఒంటిమీద యూనిఫాం ఉండకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషనులో ఉంచడానికి వీల్లేదు. ఈ సంగతులు తెలియకనే ఎందరో తల్లులు నోరు మూసుకుంటున్నారు. పగతో అబద్ధపు ఫిర్యాదు చేసే పెద్దలకు శిక్ష ఉన్నదనీ, అది పిల్లలకు వర్తించదనీ కూడా తెలిసి ఉండడం మంచిది. స్టేషనుకు వెళ్ళేందుకు వెనకాడేవారు 1098 బాలల సహాయ నంబరుకు గాని, 112కు గాని ఫోను చేయవచ్చు.

కులం చూసి కాదు

పోలీసు విచారణ అనగానే కొన్ని వాడల వారు ఉలిక్కిపడతారు. దానికి కారణం ఉన్నది. తెల్లదొరల కాలంలో 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారి వంటి కులాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలం నాటిదే. ఆ చట్టం 1952లో రద్దయినా, ఊళ్ళో దొంగతనం జరిగితే ముందుగా ఎవరి గుడిసెకు పోతారో మనకు తెలియనిది కాదు. బడి సిబ్బంది విచారణ కూడా ఆ దారి పట్టకూడదు. చేయిస్తే అందరికీ చేయించాలి. సర్పంచి మేనల్లుడికీ అదే ఫారం, ఎరుకల కుర్రవాడికీ అదే ఫారం. పెద్దింటివాడు గదా అని ఒక్కరిని వదిలినా మిగతావారిని అడిగే మొహం ఉండదు. ఆ ఖర్చు ఆయా జీతంలోంచి కోయకుండా బడి నిధి నుంచి పెట్టుకోవడం న్యాయం.

చేయవలసిన పని

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవారై ఉండాలి. చాలా ఊళ్ళలో ఆ ఆడవారి చేత సంతకాలు మాత్రం ఇంటికి పంపించి చేయించుకుంటున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు సమావేశానికి వచ్చి కూర్చోవాలని చెప్పక తప్పదు. పిల్లలు ముందుగా చెప్పుకునేది తల్లికే.

కొత్త మనిషిని పెట్టే ముందు గత ఐదారేళ్ళలో అతను ఉన్న ఊళ్ళు, చేసిన పనులు కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. సిఫారసు చేసినవారినీ చుట్టాలనూ వదిలి, ఇంతకుముందు పనిచేసిన చోటి వారికి ఒకరు స్వయంగా ఫోను చేసి మాట్లాడాలి. వీలైతే ఆ ఊరు వెళ్ళి రావాలి. పెళ్ళి సంబంధానికి వెళ్ళినట్టే. ఎందుకు మానేశాడు, మళ్ళీ మీరు పెట్టుకుంటారా, పిల్లలతో ఎట్లా ఉండేవాడు అని అడిగితే చాలు. అవతలివారు నీళ్ళు నమిలారంటే అర్థమైపోతుంది. కేసు లేనిచోట కాగితం చెప్పలేనిది ఈ ఫోనే చెబుతుంది. అందుకే పోలీసు కాగితం వచ్చింది గదా అని దీన్ని వదలకూడదు. అట్లాగే మన దగ్గర మానేసినవాడి గురించి పక్క ఊరివాళ్ళు అడిగినప్పుడు, ఎందుకొచ్చిన గొడవ అని “మంచివాడేనండీ” అనకుండా తెలిసింది చెప్పాలి.

పాతవారి గురించి కూడా విచారణ చేయించాలి. పదేళ్ళ నుంచి ఉన్నవాడు గదా అన్న మాట పనికిరాదు. పోక్సో కేసుల్లో నిందితులు అత్యధికంగా పిల్లలకు ముందే తెలిసినవారని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళలో పిల్లలు రాత్రి కూడా అక్కడే ఉంటారు గనుక, కూరగాయలు తెచ్చే బండివాడు మొదలు మోటారు బాగుచేసే మనిషి దాకా లోపలికి ఎవరు వచ్చిపోతున్నదీ పుస్తకంలో రాయించాలి. బడి ఆవరణలో గదుల నిర్మాణం జరుగుతున్నప్పుడు కాంట్రాక్టరు తెచ్చిన కూలీల పేర్లు హెడ్మాస్టరు దగ్గర ఉండాలి, వారి మరుగుదొడ్డి వేరుగా ఉండాలి. ఆటో మాట్లాడేది మనమే గనుక ఆటో డ్రైవరు లైసెన్సు, ఇల్లు, ఇల్లాలు, అన్నీ కనుక్కోవలసింది మనమే. ఒక్క పిల్లనే చివరిదాకా బండిలో ఉంచే దారిలో తిప్పవద్దని ముందే చెప్పాలి.

బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. స్టేషనులో పని ఎంత త్వరగా అవుతుందో తెలిసిందే కాబట్టి మే నెలలోనే కమిటీ తీర్మానం రాసి, సిబ్బంది అందరి పేర్లు, పాత చిరునామాలతో దరఖాస్తు స్టేషనులో ఇవ్వడం మంచిది. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. ఒక నకలు మండల విద్యాశాఖాధికారికి పంపాలి. వచ్చిన జవాబులు హెడ్మాస్టరు ఫైలులో ఉంటాయి. తల్లిదండ్రులు ఎవరైనా వెళ్ళి, అందరికీ జవాబు వచ్చిందా, ఎవరిది రాలేదు అని అడగవచ్చు. రానివారి పేరుతో జూన్‌లో మళ్ళీ రాయాలి.